సెల్లార్‌లో కాసేపు

మదీనాగూడలో వాళ్ళుండే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కారు ఆపాక ఉమాశ్రీ వెంటనే దిగదు. ఇంజను కట్టేసి, మెడలోంచి ఐడీ కార్డు తీసి, గాజులు కూడా తీసి పక్కన పెట్టి, సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటుంది. పాటలుండవు, ఫోను ఉండదు. పై అంతస్తుల గొడవ అంత కిందికి వినిపించదు.

ఇది సరదా కొద్దీ పట్టుకున్న అలవాటు కాదు. హైటెక్ సిటీలో ఆమె పనిచేసే హాల్లో గదులు లేవు, అడ్డుగోడలు లేవు. ఎదుటి బల్ల దగ్గర ఒకరు ఫోనులో అరుస్తుంటారు, వెనకాల ఎవరి సెంటో ముక్కులోకి దూరుతుంటుంది, నెత్తిమీద లైటు సన్నగా జుయ్యిమంటూనే ఉంటుంది. పక్కవాళ్ళకి ఇవేవీ పట్టవు. ఆమెకు మాత్రం సాయంత్రానికి చున్నీ అంచు కూడా మెడ మీద గీరుకుంటుంది. జనం రాకముందే భోంచేసి రావడం, మీటింగులో తలుపు పక్క కుర్చీ చూసుకోవడం, లిఫ్టు వదిలేసి మెట్లెక్కడం లాంటి చిన్న చిన్న ఉపాయాలతో ఎలాగో నెట్టుకొస్తోంది. ఆ పైన ఇంటికొచ్చే దారిలో కొత్తగూడ దగ్గర హారన్లు. ఒకరోజు అలాగే నేరుగా పైకి వెళ్ళిపోయి, స్టీలు గ్లాసు కింద పడేసిందని కూతురు రసజ్ఞ మీద ఇల్లెగిరిపోయేలా అరిచింది. పిల్ల రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల్ని చూశాక మొదలుపెట్టింది, ఇలా కారులో కూర్చోవడం.

బాగానే సాగింది, అత్తగారికి తెలిసేదాకా.

చెప్పింది వాచ్‌మన్ భార్య యాదమ్మ. "మీ కోడలు రోజు కార్ల ఒక్కతే కండ్లు మూస్కొని కూసుంటుందమ్మా. ఏం పరేషాన్ల ఉందో ఏమో, జర అడుగు" అంది. కనకలక్ష్మికి గుండె ఆగినంత పనైంది. మర్నాడు సాయంత్రం ఉమాశ్రీ కళ్ళు మూసుకుందో లేదో, కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడు. చూస్తే అత్తగారు, ఫ్లాస్కూ రెండు గ్లాసులతో.

"తలుపు తియ్యమ్మాయ్, నా చేతులు ఖాళీ లేవు."

పక్క సీట్లో సర్దుక్కూర్చుని, కాఫీ పోసిచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "వాడేమన్నా అన్నాడా?"

"ఎవరండీ?"

"ఇంకెవరు, నా సుపుత్రుడు."

"అయ్యో, రవి ఏమీ అనలేదత్తయ్యా."

"మరి ఆఫీసులో తీసేస్తామన్నారా?"

"లేదండీ, ఊరికే కూర్చున్నా."

"అంత కొంప పెట్టుకుని ఊరికే ఎవరైనా కార్లో కూర్చుంటారా?" అని, కోడలు ఏదో బెంగ దాచుకుంటోందని తేల్చేసుకుంది ఆవిడ. బెంగ పడ్డవాళ్ళ పక్కన మనిషుండాలి కదా. ఆ రోజునుంచి రోజూ ఫ్లాస్కు కిందికి దిగుతోంది. తణుకులో చెల్లెలి మోకాళ్ళ నొప్పులు, నిజాంపేటలో హాస్టలు నడిపే మరిది బుల్లిబాబు బీపీ, సీరియల్లో కోడలి కష్టాలు, అన్నీ ఆ కార్లోనే. కాఫీ అమృతంలా ఉంటుంది. ఒక్కో మాట మాత్రం ఖాళీ గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు ఉమాశ్రీ చెవిలో మోగుతుంది.

వారం తిరిగేసరికి, పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తోందని రసజ్ఞ మీద మళ్ళీ అరిచింది. పిల్ల చేతులు మళ్ళీ చెవుల మీదికి వెళ్ళాయి.

"అమ్మతో చెప్పెయ్యొచ్చుగా" అన్నాడు రవికిరణ్ మర్నాడు పొద్దున్న, లంచ్ బాక్సుకి మూత పెడుతూ.

"ఏమని? మీ అమ్మగారి ప్రేమ నాకు రొదగా ఉందనా?"

"అలా కాదు, కొంచెం స్మూత్‌గా..."

"అయితే నువ్వే చెప్పు, స్మూత్‌గా."

అతను బాక్సు బ్యాగులో పెట్టుకుని బూట్లు వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆమెకే అర్థం కావడం లేదు. అత్తగారంటే ఇష్టమే. తన అమ్మ చనిపోయిన ఏడాది ఆదివారాలు కూర్చోబెట్టి తలకి నూనె రాసింది ఆవిడే. అంత ఇష్టమైన మనిషి గొంతు వినలేకపోవడం ఏమిటి? జబ్బా, పొగరా?

ఆ సాయంత్రం కాఫీ సగం తాగాక చెప్పేసింది.

"అత్తయ్యా, నాకు బెంగేమీ లేదండీ. పొద్దుట్నుంచీ విన్నవీ చూసినవీ అన్నీ లోపల కిక్కిరిసిపోయి ఉంటాయి. కాసేపు ఏ చప్పుడూ లేకుండా కూర్చుంటే గానీ మనిషిని కాను. అందుకని ఇక్కడ... ఒక్కదాన్నే..."

కనకలక్ష్మి గ్లాసు దించింది. "నా మాటలు ఇబ్బందిగా ఉన్నాయా?"

"మీరని కాదు. ఎవరైనా."

"రసజ్ఞ అయినా?"

"రసజ్ఞ అయినా."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది. "కళ్ళకలక వస్తే వెలుతురు చూళ్ళేం, అలాంటిదా? చెవులకీ వస్తుందా అది?"

"అలాంటిదేనండీ. తగ్గేది కాదంతే."

"మా పిన్ని ఒకావిడ ఉండేదిలే. పెళ్ళిళ్ళలో విస్తరి ముందునుంచి లేవగానే సామాన్ల గదిలోకి పోయి తలుపేసుకునేది. దాని పొగరు చూడండర్రా అని నవ్వుకునేవాళ్ళం" అంటూ ఆగింది. "ఇదిగో, మళ్ళీ మాట్లాడుతున్నా."

ఉమాశ్రీ ఏదో అనబోయేలోపు ఆవిడే అంది.

"మరి నేనెవరితో మాట్లాడనే? వాడు ఫోన్లోంచి తలెత్తడు. పిల్ల ట్యాబులోంచి ఎత్తదు. నీకు తోడని దిగానా, రెండ్రోజులకే నాకే ఇక్కడ బాగుంది. నువ్వొక్కదానివే అడ్డు చెప్పకుండా వింటున్నావనుకున్నా."

వినలేదని, పళ్ళబిగువున కూర్చుందని ఎలా చెప్పడం? "నేను పైకొచ్చి, అన్నాలయ్యాక కూర్చుందాం అత్తయ్యా. అప్పుడు వింటాను."

"వింటావా, భరిస్తావా?"

"నిజంగా నాకూ తెలీదండీ."

కనకలక్ష్మి ఫ్లాస్కూ గ్లాసులూ తీసుకుని దిగింది. చప్పుడు కాకూడదని, నిద్రపోతున్న పసిపిల్ల గది తలుపులా, కారు తలుపు మెల్లగా చేరవేసింది. అది పడలేదు. లోపలి లైటు ఆరకుండా సూటిగా కళ్ళలోకి కొడుతోంది. ఉమాశ్రీ వంగి చెయ్యి చాచింది గానీ తలుపు పిడి అందలేదు.

"అత్తయ్యా, డోరు పడలేదండీ."

లిఫ్టు దాకా వెళ్ళినావిడ వెనక్కి వచ్చింది. కోడలి మొహం వైపు చూడలేదు. తలుపు బార్లా తీసి ధడాలున వేసింది. సెల్లారంతా మోగింది. ఉమాశ్రీ భుజాలు ముడుచుకుపోయాయి.

లైటు ఆరిపోయింది. తలుపు సరిగ్గా పడాలని అంత గట్టిగా వేసిందా, కోపంతో వేసిందా? లిఫ్టు పైకి వెళ్ళిన చప్పుడు కూడా ఆగిపోయింది. వెళ్ళి అడిగితే ఆవిడే చెబుతుంది. కానీ ఆ చెప్పేదేదో ఇప్పుడు వినగలదో లేదో తేల్చుకోలేక, ఉమాశ్రీ ఆ చీకట్లో అలాగే కూర్చుండిపోయింది.