బట్ట తొక్కేవాళ్ళ ఇంటిపేరు

ఉమ్ సయీద్‌కి పైపులు పరిచే పనిలో చేరి చాలాకాలమైనా లింబాద్రికి ఫోర్‌మన్ అసలు పేరు తెలియదు. అందరూ మాక్ సాబ్ అనేవాళ్ళు, తనూ అదే అన్నాడు. చమురు ధర పెరిగి దోహా చుట్టూ ఎటు చూసినా ఇసుక తవ్విపోస్తున్న రోజులవి. పేర్లు అడిగే తీరిక ఎవరికుంది.

గదిలో తోడుండే జలంధర్ సెలవు మీద ఊరికెళ్ళి తిరిగొస్తూ ఒక మాట మోసుకొచ్చాడు. లింబాద్రి భార్య రాజవ్వ చనిపోయిన నాటి నుంచి కొడుకు నర్సింలు పెద్దమ్మ గంగామణి దగ్గర పెరుగుతున్నాడు. గంగామణికీ ఆమె భర్త భూమన్నకూ పిల్లల్లేరు. పిల్లవాణ్ణి దత్తత ఇమ్మంటున్నారు. కన్నతండ్రి నోటితో ఒప్పుకుంటే తప్ప పెద్దమనుషులు కూర్చోరట.

"పిలగాడు భూమన్ననే బాపు అంటుండు అన్నా," అన్నాడు జలంధర్. "నీ ఫోటో సూపెడితె ఎవలీయన అన్నడు."

లింబాద్రికి వాడు ఒక్కడే కొడుకు. వాడు వెళితే తన గంజి ఇంటిపేరు పోయి భూమన్న వాళ్ళ చిలుక ఇంటిపేరు వస్తుంది. గంజివాళ్ళు వేరే ఊళ్ళలో ఉన్నారు కానీ, తన తాత కొమ్మలో మిగిలింది తనూ వాడే. దత్తు పోయినవాడు కన్నతండ్రికి తలకొరివి కూడా పెట్టడు, అది ఆచారం. ఇవ్వనంటే ఆ పిల్లవాణ్ణి ఎవరి దగ్గర ఉంచాలి? తను వెళ్ళి కూర్చుంటే వాడికి అన్నం ఎవరు పెట్టాలి? వచ్చే శుక్రవారం తమ ఊరివాడే బుచ్చన్న ఊరికి పోతున్నాడు. జవాబు అతనితో పంపాలి.

ఆ వారమంతా లింబాద్రి చేతులు పని చేశాయి, మనసు చేయలేదు. పైపులకు తారు పూసే పని అతనిది. కుంచె పట్టుకుని పూసిన చోటే మళ్ళీ పూస్తున్నాడు. మాక్ సాబ్ చూశాడు. వేరే ఫోర్‌మన్ అయితే అరిచేవాడే. ఈయన పైపు నీడలో కూర్చుని, పక్కన కూర్చోమన్నాడు. ముసలివాడు. కలకత్తా జూట్ మిల్లులో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చినవాడు కాబట్టి హిందీ వచ్చు. ఏమైందని అడిగితే లింబాద్రి ఉన్నదంతా చెప్పాడు. గంజి అనే పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పాడు. వాళ్ళ పెద్దలు వీధిలో పడుగు దారాలు సాగదీసి గంజి పట్టించి కుంచెతో రుద్దేవాళ్ళు. ఆ పని నుంచి వచ్చిన పేరు అని తాత చెప్పేవాడు.

అది విని మాక్ సాబ్ తన సంగతి చెప్పాడు. తన పూర్తి పేరు మక్‌న్యూకేటర్. వాళ్ళది స్కాట్లాండ్ కొండల వైపు. ఆ కొండల పాత భాషలో మక్ అంటే కొడుకు, మిగతాది ఉన్నిబట్ట తొక్కేవాడు. నేసిన కంబళి వదులుగా ఉంటుంది. దాన్ని తొట్టిలో వేసి, నిలవ పెట్టిన మూత్రం పోసి, కాళ్ళతో తొక్కి తొక్కి గట్టి చేసేవాళ్ళు. వాళ్ళ తాతల తాతలకు అదే పని, అదే పేరు. మిల్లులొచ్చాక పని పోయింది. కొండ దిగి పట్నం పోయినవాళ్ళను ఎవరూ ఆ పేరుతో పిలవలేకపోయారు. బట్ట తొక్కేవాణ్ణి ఇంగ్లీషులో వాకర్ అంటారు కాబట్టి, అన్నదమ్ములందరూ వాకర్లయ్యారు. ఈయన ముత్తాత ఒక్కడూ మొండికేశాడు. ఆ మొండితనం కొడుకు నుంచి కొడుక్కి వచ్చి ఈయన దగ్గర ఆగింది. పెళ్ళి కాలేదు. ఇప్పుడా ఇంట్లో ఆ పేరున్నవాడు ఈయనొక్కడే.

శుక్రవారం ఉమ్ ఘువైలినా పేటలోని గదిలో నలుగురూ చేరారు. మాట ఇచ్చేటప్పుడు ఇచ్చేవాడి పక్కన అతని ఇంటిపేరు పెద్ద కూర్చోవాలి. దోహాలో గంజివాళ్ళు ఎవరూ లేరు. లింబాద్రి మాక్ సాబ్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"ఈయన ఎవలకేమైతడే?" అన్నాడు బుచ్చన్న.

"పాలోడు," అన్నాడు లింబాద్రి, సొంత దాయాదిని చూపినట్టు. "మనం నేయకముందు గంజి వెడ్తం. వాళ్ళు నేసినంక తొక్కుతరు."

మూత్రం సంగతి అప్పటికే క్యాంపంతా పాకింది. "మన గంజే నయముండె అన్నా," అని జలంధర్ నవ్వాడు. బుచ్చన్నా నవ్వాడు కానీ కాదనలేదు. ఆయనకు చాప మీద చోటిచ్చాడు. ఆకూ వక్కా దొరక్క పళ్ళెంలో ఖర్జూరాలు పెట్టారు. ఇంటిపేరు పెద్దగా కూర్చున్నవాడు మాట పూర్తయ్యేదాకా ఒకటి చేతిలో పట్టుకోవాలి. మాక్ సాబ్ పట్టుకున్నాడు.

లింబాద్రి పళ్ళెం ముందుకు జరిపి మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. బుచ్చన్న విమానం ఆ సాయంత్రమే. చివరికి లింబాద్రి మాక్ సాబ్ వైపు తిరిగి, మీ అమ్మ పాడె ఎవరు మోశారని హిందీలో అడిగాడు.

"వాకర్లు," అన్నాడు ఆయన. "నేను కలకత్తాలో ఉన్నాను. కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఆమెను మోసినవాళ్ళలో మా పేరున్నవాడు ఒక్కడూ లేడు. బాగానే మోశారట."

లింబాద్రి తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తరువాత పళ్ళెం ఎత్తి బుచ్చన్న చేతిలో పెట్టాడు.

"పిలగాన్ని ఇచ్చిన. చిలుకోళ్ళ పేరే పెట్టుకొమ్మను. గని నేను ఊర్ల సస్తె వాడే తలకొరివి పెట్టాలె. గా ఒక్కటి చెప్పు."

"దత్తు పోయినోడు పెట్టడు లింబన్నా. నీకెరుకేనాయె. ఒప్పుకోరు."

"ఒప్పుకోకున్నా చెప్పు."

బుచ్చన్న ఖర్జూరాలు తువ్వాలలో కట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టుకు జలంధర్ తోడు వెళ్ళాడు. లింబాద్రి గదిలోనే గోడకానుకుని నిద్రపోయాడు. ఆ వారంలో అతను నిద్రపోయింది అప్పుడే.

మర్నాడు డ్యూటీలో ఎండ మామూలే, గాలి మామూలే. లింబాద్రి తారు డబ్బా దగ్గర కుంచె తడుపుతుంటే మాక్ సాబ్ వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి గుడ్డ తీసి విప్పాడు. ఖర్జూరం అలాగే ఉంది, కొంచెం నలిగి. తినమని తనకెవరూ చెప్పలేదన్నాడు. ఇప్పుడు తినొచ్చా అని అడిగాడు.

లింబాద్రి ఆకాశం వైపు చూశాడు.

"తిను సాబ్," అన్నాడు. "మాట సముద్రం దాటి ఉంటది."

ఆయన నిలబడే తిన్నాడు. గింజ ఎక్కడ వెయ్యాలో తెలియక మళ్ళీ గుడ్డలో కట్టి జేబులో పెట్టుకున్నాడు. లింబాద్రి కుంచె ఎత్తి, నిన్నటిదాకా పూయకుండా వదిలేసిన పైపు దగ్గరికి నడిచాడు.