కొమ్ముదీర్ఘం

ఆమె పని ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. ఇంకెవరి కంటికీ ఆనని తప్పు ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. అందుకే అక్కడ అందరూ ఆమెను 'కామా' అని పిలిచేవారు.

ఇరవై నాలుగేళ్లకే వార్డు మెంబరైంది కామా. అదీ పోటీ లేకుండా. నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజున, రెండుసార్లు గెలిచిన పాత మెంబరు ఉన్నట్టుండి తప్పుకున్నాడు. "యువతరానికి దారి వదులుతున్నా" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పదేళ్లు కుర్చీని అంటిపెట్టుకున్న మనిషి ఎందుకు లేచాడో ఆమెకు మాత్రం అంతుపట్టలేదు.

"నడిచొచ్చిన అదృష్టాన్ని కూడా తిరగేసి మరగేసి చూస్తావేంటే?" అని నవ్వాడు మావయ్య.

తండ్రి పోయాక ఆమెనూ, తల్లినీ కనిపెట్టుకుని ఉన్నది ఆయనే. మున్సిపల్ ఆఫీసు గేటు పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాస్తాడు. ఆమెను పోటీకి నిలబెట్టిందీ ఆయనే.

ఆఫీసులో ఆమెకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. చైర్మన్ లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టాడు. నాలుగో రోజున సెక్రటరీ ఒక ఫైలు తెచ్చి, సరిగ్గా సంతకం చేయాల్సిన పేజీ తెరిచి ముందు పెట్టాడు. ఆ చోట పెన్సిలు గీత అప్పటికే ఉంది. ఆమె మొదటి పేజీకి తిప్పింది.

"అదంతా మామూలేనమ్మా. చూడక్కర్లేదు."

"మామూలే అయితే చూడ్డానికి ఎంతసేపు పడుతుందండీ?"

ఆమె వార్డులోని ప్రసూతి కేంద్రాన్ని మూసేసి, మెయిన్ రోడ్డు మీదున్న ఆ స్థలాన్ని దుకాణాలకు ఇవ్వాలన్నది ప్రతిపాదన. కేంద్రం మాకు అక్కర్లేదంటూ వార్డు జనం రాసిన ఉత్తరాలు నలభై. వార్డు మెంబరు ఒప్పుకుంటే చాలు, మిగతాది నడిచిపోతుంది. ఆమె సంతకం పెట్టలేదు. ఉత్తరాలకు జిరాక్సులు తీయించి సంచిలో వేసుకుంది.

ప్రెస్సులో తన బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కటే చదివింది. ఎవరి చేతిరాత వాళ్లది. కానీ నలభై ఉత్తరాల్లోనూ 'ప్రసూతి' కాస్తా 'ప్రసుతి' అయింది. ఒక్కరంటే ఒక్కరు కొమ్ముదీర్ఘం ఇవ్వలేదు. నలభై మంది ఒకే చోట కాలు జారరు. అందరూ ఒకే కాగితం చూసి దించారు.

అలా రాసే మనిషిని ఆమె ఎరుగును. మావయ్య చేతికి దీర్ఘాలు పడవు. చిన్నప్పుడు ఆయన 'కుతురు' అని రాస్తే పడీ పడీ నవ్వేది. చాలామంది చేసే తప్పే కదా అని సర్దిచెప్పుకుంది గానీ, మనసు ఒప్పుకోలేదు.

మర్నాడు మొదటి ఉత్తరం మీదున్న చిరునామాకు వెళ్లింది. బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపింది.

"నా రాతేనమ్మా. మీ మావయ్య కాగితమిచ్చి చూసి రాయమన్నాడు. పాతది మూస్తే ఇంకా పెద్దది కడతారంట కదా? అబద్ధమా?"

"అబద్ధమేనండీ. అక్కడ కొట్లు కడతారు."

ఆవిడ ఆమెను ఎగాదిగా చూసింది. "ఇదంతా నీకు తెలీకుండానే జరిగిందా?"

తాను ఊరందర్నీ అనుమానించింది గానీ, తననూ ఎవరైనా అలా చూస్తారని అనుకోలేదు.

మావయ్య తన బల్ల దగ్గర కలం తుడుచుకుంటున్నాడు. ఆమె ఉత్తరాలు ఆయన ముందు పెట్టి, 'ప్రసుతి' మీద వేలు పెట్టి చూపించింది. ఆయన తల దించుకున్నాడు.

"ఎందుకు చేశావు మావయ్యా?"

"పాత మెంబరు ఊరికే తప్పుకున్నాడనుకున్నావా? కేంద్రం మూయించాడన్న చెడ్డపేరు తనకొద్దనుకున్నాడు. ఈ ఉత్తరాలు తెచ్చిపెడితే నీకు పోటీ ఉండదని చైర్మన్ వాళ్లన్నారు. చిన్నపిల్ల, చెప్పినట్టు వింటుందిలే అన్నారు. నువ్వు పైకి రావాలనే కదే..."

"నేను గెలవలేనని నువ్వే తేల్చేశావా?"

ఆమె ఉత్తరాలు తీసి సంచిలో వేసుకుంది.

సోమవారం సమావేశంలో ఆమె లేచి నిలబడింది. ఉత్తరాల సంగతి చెప్పి, నమూనా రాసింది తన మావయ్యేనని కూడా చెప్పింది.

"ఇలా వచ్చిన పదవి నాకొద్దు. రాజీనామా చేసి, పోటీలో నిలబడి మళ్లీ వస్తాను."

"శభాష్ అమ్మాయ్! నిజాయితీ అంటే ఇదీ!" అన్నాడు చైర్మన్. ఆ మాట పూర్తయ్యేసరికే సెక్రటరీ తెల్లకాగితం, పెన్ను ఆమె ముందుకు జరిపాడు. వెనక బెంచీ మీద చూడ్డానికి వచ్చి కూర్చున్న పాత మెంబరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆమె కాగితం వంక చూసింది. తాను వెళ్లిపోతే మళ్లీ ఎన్నికల దాకా వార్డుకు దిక్కెవరు? ఆ ఫైలు మీద సంతకం ఎవరిది? తన మంచితనం వాళ్లకు ఇంత తియ్యగా ఉందేమిటి?

పెన్ను తీసుకుంది. 'ఈ ప్రతిపాదనకు నేను ఒప్పుకోవడం లేదు. ఉత్తరాలు రాసిన నలభై మందినీ పిలిచి విచారించాలి' అని రాసి, సంతకం చేసి, రసీదు అడిగింది.

"రాజీనామా అన్నావు కదమ్మా?" అన్నాడు చైర్మన్, నవ్వు మొహానికి అతికించుకుని.

"తొందరపడ్డానండీ. ముందు ఈ పని అవనివ్వండి."

మరుసటి నెల విచారణకు ముప్ఫై ఒక్క మంది వచ్చారు. మోసపోయి రాశామని చెప్పారు. ప్రతిపాదనను పక్కన పెట్టారు. పక్కన పెట్టడం అంటే కొట్టేయడం కాదని ఆమెకు తెలుసు. అందుకే ప్రతి సోమవారం ఫైళ్ల జాబితా అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచీ చదువుతుంది. ఆమె వస్తుంటే సెక్రటరీ మొహం మాడ్చుకుంటాడు.

మావయ్య బల్ల దగ్గరికి జనం రావడం తగ్గిపోయింది. ఆయన ఇంటికి రావడమూ మానేశాడు. నెలన్నర తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"ఇంకెప్పుడైనా నన్ను నమ్ముతావటే?"

ఆమె తలుపు పూర్తిగా తెరిచింది.

"తెలీదు మావయ్యా" అంది. "లోపలికి రా. భోంచేసి వెళ్లు."