జేబుల్లో తూటాలు

ఆ ఇంట్లో లూర్దమ్మకి పడనివి పెద్దాయన జేబులు.

బట్టలుతికి ఇస్త్రీ చేసే పనికి ఆమె నరసాపురం నుంచి అరబ్బు దేశంలోని ముఐథర్‌కి వచ్చింది. యజమాని తండ్రిని అందరూ బాబా అంటారు. ఆయనకి ఊరవతల తోట, తోటలో కోళ్లు, కోళ్లకోసం వచ్చే నక్కలు ఉన్నాయి. నక్కల్ని కొట్టడానికని చిన్న రివాల్వరూ, చిటికెన వేలిలో సగముండే తూటాలూ కొనుక్కున్నాడు. ఇంతవరకూ ఒక్క నక్కకీ తగిలింది లేదు. కాల్చగా మిగిలినవి మాత్రం ఆయన పొడుగాటి తెల్ల తోబ్ జేబులోనే ఉండిపోతాయి.

ఆ రోజూ వాషింగ్ మెషీన్ టకటకలాడింది. ఆపి, తడిబట్టల్లో దేవితే తూటా చేతికి తగిలింది. లూర్దమ్మ దాన్ని పట్టుకుని విసవిసా వంటింట్లోకి వచ్చింది.

"చూడు ఫరీదా, మళ్లీ! ఇది డ్రయ్యర్ వేడికి పేలిందంటే నా మొహం మిగులుతుందా?"

వంటమనిషి ఫరీదాది నిజామాబాద్. ఉల్లిగడ్డలు కోస్తూ, "జేబులు సూసి ఎయ్యరాదా అక్కా?" అంది.

"చూశానే తల్లీ! పక్క జేబులు రెండూ చూశా. ఈసారి గుండెల మీద జేబులో పెట్టాడు!"

"మేడమ్‌కి చెప్పకపోయినవా?"

"మామగారి సంగతంటే ఆవిడ నవ్వుతుంది. ఆయన 'తైబ్, తైబ్' అని సరేనంటాడు, మళ్లీ మామూలే. నావల్ల కాదింక."

మధ్యాహ్నం సూదీ దారం తీసుకుని, ఉన్న తోబ్‌లన్నిటి జేబులూ కుట్టేసింది.

శుక్రవారం తోటకు బయల్దేరబోతూ బాబా ఇల్లెగిరిపోయేలా అరిచాడు. లూర్దమ్మ వెళ్లేసరికి ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో గుప్పెడు తూటాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. భయమేసినా, వచ్చిన కాస్త అరబీలోనే అనేసింది.

"జేబు మాఫీ, బాబా! ఇక జేబు లేదు. జేబుంటే తూటా ఉంటది. తూటా ఉంటే లూర్దమ్మ మాఫీ. ఇంటికి పోతాను."

ఆయన గొంతు తగ్గించి, ఫోనుకోసం ఒక్క జేబు విప్పమన్నాడు. తూటాలు వాటి పెట్టెలోకి పోతేనే విప్పుతానంది లూర్దమ్మ. ఆయన గొణుక్కుంటూ వాటిని పెట్టెలో పోశాక, కత్తెర తీసింది.

మర్నాడు ఉతకడానికి వచ్చిన తోబ్‌లో, ఆ ఒక్క జేబులోకే జాగ్రత్తగా వేళ్లు పెట్టింది. తూటా లేదు. సగం కొరికిన ఖర్జూరం ఒకటి గుడ్డకి అంటుకుపోయి, పాకమంతా బయటికి ఊరి ఉంది.

"ఓరి దేవుడా!" అంటూ లూర్దమ్మ మెషీన్ పక్కనే చతికిలబడింది.