కణుపు వదిలిన విల్లు

పొద్దున్నే సంగటి కెలికి, ఎద్దులకు చొప్ప వేసి, ఈరక్క బాడిసె పట్టుకుని వసారాలో కూర్చునేది. ఒళ్లో విల్లుకని తెచ్చిన మనిషి ఎత్తు తడచెట్టు కర్ర. ఎదురుగా నులకమంచం మీద ఆమె తండ్రి హనుమన్న. పక్షవాతంతో అతని కుడిచెయ్యి పడిపోయింది గానీ నోటికి మాత్రం ఏ రోగమూ రాలేదు.

"ఆడ ఎత్తుండాది, కనపళ్లేదా? బాడిసె అట్లనేనా పట్టేది?"

ఈరక్క చెక్కుకుపోయేది. మెప్పుదల అన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎరుగరు.

ఆలూరు పక్కనున్న ఆ వేటగాళ్ల ఊళ్లో, విల్లు చేసినవాళ్లే దాన్ని మోస్తూ ఉగాది వేటకు అందరికంటే ముందు నడవాలి. వేరే దారి లేదు మరి, ఇంకొకరు దాన్ని మోయలేరు. అక్కడ విల్లు బరువు కట్టెది కాదు, చేసినవాళ్ల గర్వానిది. హనుమన్న విల్లును నలుగురు పట్టినా లేచేది కాదు. అతను మాత్రం గొడ్డలిలా భుజాన వేసుకుని పోయేవాడు. ఎవరైనా ఎత్తగలిగే విల్లును వేటకు తీసుకుపోరు.

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన తొలి ఉగాది అది. చావడి ముందు ఊరిపెద్ద పుల్లన్న ఈరక్క విల్లును ఒంటిచేత్తో ఎత్తేశాడు.

"ఏందమ్మే, జొన్నదంటు మాదిరి ఉండాది! ఈ కంతి ఏంది? నున్నగా చెక్కేదానికి గూడా చేతగాలేదా?"

జనం గొల్లుమన్నారు.

"హనుమన్నా, ఏమనుకోవద్దప్పా. బాడిసె నీ తమ్ముని కొడుకు గోపన్నకిద్దాం. ఈయమ్మి ఇంగ విల్లు ముట్టేది వద్దు."

బాడిసె పోతే ఈరక్కకు మిగిలేది సంగటీ, ఎద్దుల చొప్పే.

చావడి అరుగు మీదున్న హనుమన్న, పుల్లన్న పట్టుకున్న విల్లును ఎడమచేత్తో తడిమాడు. కంతి దగ్గర వేళ్లు ఆగాయి.

"మే, ఈడ కణుపుండాది గదా. ఎందుకు వదిలినావు?"

తిట్టకుండా అడగడం అదే మొదలు. ఈరక్క తలెత్తింది.

"పోయినేడు నీ విల్లు ఇరిగింది కణుపు కాడనే నాయనా. నునుపు కోసరం దాన్నీ చెక్కేస్తివి, ఆడ పీచు తెగిపాయె. నేను కణుపు చుట్టూ కట్టె ఉంచినా. కావాలనే ఉంచినా. ఇది ఇరగదు."

"ఇన్నేండ్లు చేస్తి, నాకు తోచలేదు మే," అన్నాడు హనుమన్న, ఊరంతా వినేలా.

"నాకు తోచింది," అంది ఈరక్క.

విల్లు పట్టిన పుల్లన్న చెయ్యి బరువుకు కిందికి వాలింది. రెండో చెయ్యి వేశాడు. మోకాళ్లు వంగాయి. "పట్టండప్పా!" అని అరిచేలోపే విల్లు దుమ్ములో పడింది. గోపన్న అరచేతుల్లో ఉమ్మేసుకుని లాగి, వెల్లకిలా పడ్డాడు.

"ఆడమనిషి వేటకు ముందు నడిచేది యాడన్నా ఉండాదా?" అన్నాడు పుల్లన్న రొప్పుతూ.

"అయితే నువ్వే మొయ్యప్పా," అన్నాడు హనుమన్న. అతని కళ్లు తడిశాయి, మీసం మాత్రం పైకే ఉంది.

ఈరక్క కొంగు నడుముకు దోపుకుని, వంగి, ఒక్క చేత్తో విల్లు ఎత్తి భుజాన వేసుకుంది. కొండదారి పట్టింది. కుక్కలతో, ఈటెలతో ఊరి మగవాళ్లంతా ఆమె వెనక నడిచారు.