వడ్డన సీను

ఆవిడని అందరూ అత్తగారు అంటారు. ఆవిడకి పెళ్ళి కాలేదు, కొడుకు లేడు, కోడలు అసలే లేదు. అయినా సినిమాల్లో ఎంతమంది కోడళ్ళని రాచిరంపాన పెట్టిందో ఆవిడకే గుర్తు లేదు. బజారుకెళితే కూరగాయలమ్మే మనిషి భయంతో పిడికెడు ఎక్కువే తూచేది. కొత్తగా పెళ్ళైన పిల్లలు ఆవిడ ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాళ్ళు. ఇంట్లో చూస్తే ఆవిడంత మెత్తని మనిషి ఇంకొకరు లేరు. ఆ ఇంట్లో నోరంతా చెల్లెలిదే. చెల్లెలు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది, డాక్టర్లనే దులిపేసిన మనిషి.

అలాంటి అత్తగారు జన్మలో ఒక్కసారి, ఒకే ఒక్క రోజు, అత్తగారు కాని వేషం వేసింది. ఆ ఒక్క రోజు కోసం ఇప్పుడు రెండు స్టూడియోలు కోర్టుకెక్కాయి.

గొడవ చిన్నదే. ఒక రచయిత రాళ్ళ క్వారీలో బతికే మనుషుల మీద నవల రాశాడు. దాని సినిమా హక్కులు పాత స్టూడియో తీసుకుంది. గడువులోగా షూటింగ్ మొదలుపెట్టకపోతే హక్కులు మళ్ళీ రచయితవే అని ఒప్పందం. పాత స్టూడియో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. గడువు ముంచుకొచ్చాక హడావిడిగా ఒక సెట్టు వేసి, ఒక్క రోజు షూటింగ్ చేసి, దుకాణం కట్టేసింది. తర్వాత రచయిత పోయాడు. ఆయన భార్య, గడువు ఎప్పుడో దాటిపోయింది కదా అని, హక్కులు కొత్త స్టూడియోకి ఇచ్చింది. వాళ్ళు హీరోయిన్ని కూడా పెట్టుకున్నాక పాత స్టూడియో నిద్ర లేచింది. మేం గడువులోగానే మొదలుపెట్టాం, పుస్తకం మాదే అని దావా వేసింది. పోనీ వీళ్ళు తీస్తారా అంటే తీయరు, పక్కవాడు తీసి పేరు తెచ్చుకుంటాడేమోనన్న బాధ, అంతే. గడ్డివాము దగ్గర కుక్క సామెత ఊరికే పుట్టలేదు.

ఆ ఒక్క రోజు షూటింగులో నటించింది అత్తగారే. అందుకని పాత స్టూడియో లాయరు వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

"మీరు చెప్పాల్సింది ఒక్కటేనమ్మా. ఆ రోజు షూటింగ్ జరిగింది, అంతే. జరిగిందేగా?"

"జరగడమేంటి బాబూ! అలాంటి షూటింగ్ నేను మళ్ళీ చూడలేదు."

"మరి ఆ రోజు తీసిన రీలు ఏదండీ?" అంది చెల్లెలు వంటగదిలోంచి. "మా అక్క మీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసుకుంది. అడిగినప్పుడల్లా ల్యాబులో ఉందంటారు. అది ల్యాబా, కాటికెళ్ళిన దారా, పోయింది తిరిగి రాకపోవడానికి?"

లాయరు చేతిలో ఫైలు తిరగేశాడు. "కేసు గెలవనివ్వండి. అన్నీ బయటికొస్తాయి."

అత్తగారికి ఆ మాట చాలు. ఏ స్టూడియో గెలిచినా ఏ స్టూడియో మట్టి కొట్టుకుపోయినా ఆవిడకి ఒకటే. ఆవిడకి కావలసింది ఆ రీలు. పోయేలోగా ఆ సీను ఒక్కసారి తెర మీద చూసుకోవాలి. కళ్ళెర్రజేసి, మూతి తిప్పి, కోడలి చేతిలో గిన్నె లాక్కున్న మొహం కాకుండా తనకి ఇంకో మొహం కూడా ఉందని నలుగురికీ తెలియాలి. ఆ కోరికతోనే సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంది.

ఆ సీను ఇది. క్వారీలో బండ విరిగి పడి భర్త పోయాడని ఒకడు పరిగెత్తుకొచ్చి భార్య చెవిలో చెబుతాడు. ఇంట్లో పిల్లలు అప్పుడే భోజనానికి కూర్చున్నారు. చెబితే తినరు. ఇవాళ తినకపోతే మళ్ళీ ఎప్పుడు తింటారో తెలియదు. అందుకని ఆవిడ లోపలికొచ్చి, ఏమీ జరగనట్టు వాళ్ళకి కడుపునిండా వడ్డించి, చేతులు కడిగించి, అప్పుడు చెబుతుంది. మాటలు దాదాపు లేవు. ఆ రోజు డైరెక్టరు ఏదో చెప్పబోతే అత్తగారు వినలేదు, నేరుగా పోయి పిల్లల ముందు కూర్చుంది. మధ్యలో చిన్నవాడు ఇంకా కావాలని గిన్నె చాపాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందో ఆవిడకీ తెలియదు. షాటు అయ్యాక లైట్లు పట్టుకునే వాళ్ళు ముక్కు చీదుకోవడం వినబడింది. కెమెరామన్ కెమెరా నుంచి తల ఎత్తి, "బాగుందమ్మా" అన్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పలేక మంచినీళ్ళు తాగి పడుకుంది.

వాయిదా రోజు కోర్టు వరండాలో రచయిత భార్య ఆవిడ దగ్గరికొచ్చింది. సన్నగా, నూలు చీరలో, చేతిలో గొడుగుతో ఉంది. అవతలి పక్షం మనిషి కదా అని అత్తగారు మొహం బిగించుకుంది.

"నన్ను తప్పుగా అనుకోకండి. మీరు నిజమే చెబుతారని తెలుసు. ఒక్క మాట చెప్పి పోతాను. నవల్లో రెండోసారి గిన్నె చాపిన ఆ పిల్లవాడు ఎవరో కాదు, మా ఆయనే. అక్కడ క్వారీలో తండ్రి శవం ఉంటే, ఇక్కడ ఇంట్లో ఇంకొంచెం పెట్టమని అడిగాడట. ఆ మాట తల్చుకుని పెద్దయ్యాక కూడా సగం భోజనంలో లేచిపోయేవారు. ఆ పుస్తకం తెర మీదకొస్తే వాళ్ళమ్మ ఎందుకు నవ్విందో జనానికి తెలుస్తుందనేవారు. ఈ పాత స్టూడియో గెలిస్తే పుస్తకం బీరువాలోనే చచ్చిపోతుందండీ."

చిన్నవాడు చాపిన గిన్నె అత్తగారి కళ్ళ ముందు కదిలింది. కానీ పైకి మాత్రం, "జరిగింది జరిగిందనే చెబుతానమ్మా. నా చేత్తో నేను చేసిన పని కాదనమంటే ఎలా?" అంది. రచయిత భార్య తలూపి వెళ్ళిపోయింది.

ఉదయం సాక్ష్యం బ్రహ్మాండంగా సాగింది. చెల్లెలు ముందే హెచ్చరించింది, "జడ్జిగారిని కోడలిని చూసినట్టు చూడకు" అని. అత్తగారు వినయంగా నిలబడి, సెట్టు ఎలా ఉందో, పొయ్యి ఏ మూల ఉందో, తను ఎలా కూర్చుందో పూసగుచ్చినట్టు చెప్పింది. పాత స్టూడియో లాయరు అప్పట్లో పత్రికల్లో పడిన షూటింగ్ ఫోటోలు చూపించాడు. ఫోటోల్లో ఆవిడ మొహం చూసి జడ్జిగారు కూడా కాసేపు కళ్ళు తిప్పుకోలేదు. షూటింగ్ జరిగిందా అంటే, "నా ప్రాణం సాక్షిగా జరిగిందండి" అంది. బోను దిగుతుంటే ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది.

తర్వాత కొత్త స్టూడియో లాయరమ్మ కెమెరామన్‌ని పిలిచింది. మనిషి బాగా ముసలివాడైపోయాడు. అత్తగారు సంతోషంగా ముందుకి వంగింది, తన సీను గురించి చెప్పడానికి ఇంకొకరు వచ్చారని.

"ఆ రోజు కెమెరాలో ఫిల్ము ఉందా?" అని అడిగింది లాయరమ్మ.

అతను బోను కర్రని తడిమాడు. "లేదండి."

"అంటే?"

"ఖాళీ కెమెరా తిప్పామండి. ఉన్న ఫిల్ము పొద్దున్నే ఇంకో సెట్టుకి, పాట తీయడానికి పంపేశారు. ఇవాళ్టి షూటింగ్ గడువు కోసమే, పత్రికల్లో ఫోటోలు పడితే చాలని మేనేజరు గారు చెప్పారు."

"నటించినావిడకి ఈ సంగతి తెలుసా?"

"తెలియదండి. చెబితే అలా చెయ్యరు కదండి. ఫోటోల్లో మొహం నిజంగా ఉండాలన్నారు."

సినిమావాళ్ళకి ఇదొక పాత వేళాకోళం. ఏ పెద్దమనిషి బావమరిదో సిఫార్సు పట్టుకుని వేషానికొస్తే, కాదనలేక, ఖాళీ కెమెరా ముందు నిలబెట్టి, నాలుగు డైలాగులు చెప్పించి, చప్పట్లు కొట్టి పంపేస్తారు. వాడు ఇంటికెళ్ళి సినిమా ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తూ ఉంటాడు. యూనిట్ అంతా టీ తాగుతూ పడీపడీ నవ్వుకుంటారు. అలా నవ్వేవాళ్ళలో అత్తగారు కూడా ఉండేది. ఇప్పుడు ఆవిడకి ముందు సిగ్గు వేసింది. దుఃఖం ఆ తర్వాత, మెల్లగా వచ్చింది. ఇన్నేళ్ళూ ఆఫీసుకెళ్ళి రీలు ఏదని అడిగినప్పుడు ఆ గుమాస్తాలు ఒకరి మొహాలు ఒకరు ఎందుకు చూసుకున్నారో ఒక్కొక్కటే అర్థమైంది.

భోజన విరామంలో కెమెరామన్ తేలు కుట్టిన దొంగలా వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఫిల్ము లేదుగానీ నేను కళ్ళారా చూశాను. ఇంతకాలం అలాంటిది మళ్ళీ చూడలేదు."

"బాగుందమ్మా అన్నావు కదయ్యా ఆ రోజు. అన్నీ తెలిసే అన్నావా?"

చెల్లెలు అతని వైపు ఒక చూపు చూసేసరికి మెట్లు దిగి పోయాడు.

పాత స్టూడియో లాయరు మాత్రం చెక్కు చెదరలేదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అత్తగారిని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, తనే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"గాభరా పడకండి. ఇది మనకే మంచిది. ఒప్పందంలో షూటింగ్ మొదలవ్వాలని ఉంది గానీ, కెమెరాలో ఫిల్ము ఉండాలని ఎక్కడా లేదు. సెట్టుంది, లైట్లున్నాయి, కెమెరా తిరిగింది, అన్నిటికన్నా ముఖ్యంగా మీరు నటించారు. జడ్జిగారు మిమ్మల్ని మళ్ళీ పిలుస్తారు. పొద్దున చెప్పిందే చెప్పండి. మీరు చేసింది ఉత్తుత్తి కాదు, నిజమైన పనేనని కోర్టు తీర్పులో రాస్తుంది. అది రీలు కన్నా ఎక్కువ కాలం ఉంటుందమ్మా."

మాట తియ్యగానే ఉంది. తెర మీద లేకపోతే పోయె, కనీసం తీర్పులోనైనా తన పని ఉంటుంది. కాదంటే ఇక ఎక్కడా ఉండదు, ఆ రోజంతా కలలాగా కొట్టుకుపోతుంది. కానీ అవునంటే ఆ పుస్తకం బీరువాలోంచి బయటికి రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అత్తగారు నీళ్ళు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది వీడి వాదన," అంది చెల్లెలు లాయరు వెళ్ళాక. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వేం చెప్పినా నేను నీ పక్కనే అక్కా. కానీ ఒకసారి నిన్ను బొమ్మలా నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. మళ్ళీ నిలబడతావా?"

మధ్యాహ్నం జడ్జిగారు ఆవిడని బోనులోకి పిలిచి మెత్తగానే అడిగారు. "ఇప్పుడు విషయం విన్నారు కదమ్మా. ఆలోచించుకుని చెప్పండి. ఆ రోజు అక్కడ షూటింగ్ జరిగిందా?"

"నేను చేశానండి. మనసు పెట్టి చేశాను. పిల్లలకి నిజంగానే కడుపు నిండా పెట్టాను. ఆ చిన్నవాడు అడిగితే..."

"అది కాదమ్మా. మీరు చేసింది కోర్టు కాదనట్లేదు. సినిమా షూటింగ్ జరిగిందా, లేదా?"

రచయిత భార్య వెనక వరసలో గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్తగారు ఆవిడ వైపు చూడలేదు. చూస్తే ఆవిడ కోసం చెప్పినట్టవుతుంది. ఆ మాట తనే, తన కోసమే చెప్పాలి.

"లేదండి," అంది. "జరగలేదు."

"ఉదయం ప్రమాణం చేసి జరిగిందన్నారు!" అని లేచాడు పాత స్టూడియో లాయరు.

"ఉదయం నాకు తెలియదు బాబూ."

టైపిస్టు ఆ మాట కొట్టింది. పాత స్టూడియో కేసు అక్కడే కూలిపోయిందని ఆ గదిలో అందరికీ అర్థమైంది. లాయరు కాగితాలు సర్దుకుంటూ, ఇందాక మంచినీళ్ళు తెచ్చిచ్చిన మనిషి కాదన్నట్టు ఆవిడని దాటుకుని పోయాడు.

వరండాలో రచయిత భార్య అత్తగారి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. ఆవిడ పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. కొత్త స్టూడియో పెట్టుకున్న హీరోయిన్ అట. పొగరుగా ఉంటుందేమో అనుకుంది అత్తగారు, ఉంటే బాగుండేది కూడా. ఆ పిల్ల ఒద్దికగా వంగి నమస్కారం పెట్టింది.

"ఆ వడ్డన సీను నాకు అంతు చిక్కడం లేదండీ. ఎన్నిసార్లు చేసి చూసుకున్నా ఏడుపన్నా వస్తోంది, లేకపోతే ఏమీ రావట్లేదు. ఫోటోల్లో మీ మొహం చూశాను. ఎలా చేశారు?"

"ఒక్కసారి చూపించండి తల్లీ," అంది రచయిత భార్య, కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ మాటలో కల్మషం లేదు. "మీ దగ్గరున్నది ఈ పిల్లకిస్తే ఎక్కడికీ పోదు. అందరూ చూస్తారు. మీరూ ఆ సినిమాలో ఉన్నట్టే కదా."

న్యాయమైన మాటే. చిన్నప్పుడు గిన్నె చాపిన ఆ మనిషి కోసమైనా చూపించాలి. ఆ బల్ల మీద కూర్చుని, ఉన్న ఇద్దరినీ పిల్లలనుకుంటే సరిపోతుంది, అంతకన్నా ఏమీ అక్కర్లేదు. అత్తగారు ఆ పిల్ల మొహంలోకి చూసింది. చక్కటి మొహం, కెమెరాలో ఫిల్ము ఉందో లేదో అని ఏనాడూ అనుమానించనక్కర్లేని మొహం.

"గుర్తు లేదమ్మా," అంది.

"కొంచెమైనా..."

"చాలా ఏళ్ళైపోయింది. ఏం చేశానో ఏమో, నిజంగా గుర్తు లేదు."

రచయిత భార్య చేతులు మెల్లగా జారిపోయాయి. అత్తగారు చెల్లెలి భుజం పట్టుకుని మెట్లు దిగింది. చెల్లెలు ఏమీ అడగలేదు, ఆవిడ నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

ఆవిడకి అన్నీ గుర్తున్నాయి. తలుపు దగ్గర ఎంతసేపు ఆగిందో, ఏ పిల్ల గిన్నె ముందు అందుకుందో, చిన్నవాడు ఇంకా కావాలన్నప్పుడు గరిటె పట్టుకున్న చెయ్యి వణకకుండా మోచేతిని మోకాలికి ఎలా ఆనించుకుందో, ఆ నవ్వుకి ముందు ఊపిరి ఎక్కడ వదిలిందో, ఏదీ మరిచిపోలేదు. తను పోయిన రోజున అదీ తనతోనే పోతుందని తెలుసు. పోనీ అనుకుంది, బస్సు వచ్చేదాకా అదే అనుకుంటూ నిలబడింది.