నాలుగిళ్ల లైను

ఆర్విడ్ టోలెఫ్సన్ ఫోనుని బోర్లా పెట్టి, అడుగునున్న స్క్రూలు విప్పి, పైతొడుగు ఎత్తాడు. లోపల పొయ్యి మసి, ఒక ఎండిన సాలీడు, ఒక గోధుమ గింజ. ఏ ఇంట్లో ఉండి వచ్చిన ఫోనైనా ఆ ఇంటిని కొంచెం వెంట తెచ్చుకుంటుంది. అతను గింజని వేలితో తీసి పక్కన పెట్టి, గంటల మధ్య దుమ్ము కుంచెతో దులపసాగాడు.

మిన్నెసోటాలో, పందొమ్మిది వందల యాభై ఏడు ఫిబ్రవరిలో, ఉదయం తొమ్మిదిన్నర. టెలిఫోన్ ఆఫీసు వెనకగది కిటికీకి సగం దాకా మంచు పేరుకుంది. ఆర్విడ్‌కి అరవై ఒకటి. పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి ఉంటాడు. ముప్పై రెండేళ్లుగా బల్లల కింద, మెట్ల కింద దూరి పనిచేసిన నడుము అది. ఊళ్లో అందరూ అతన్ని ఎరుగుదురు, పేరు మాత్రం కొందరికే గుర్తు. పిల్లలకి అతను ‘ఫోను తాతయ్య’.

పిడి తిప్పే చెక్కపెట్టెల కాలంలో అతను పనిలో చేరాడు. అప్పుడు ఒక ఇంటికి గంట మోగితే లైను మీద ఉన్న ఇళ్లన్నిటికీ మోగేది. రెండు పొడుగు ఒక పొట్టి అయితే ఫలానావారికని అందరూ లెక్కపెట్టుకునేవారు, వాళ్లకి కాకపోయినా ఎత్తి వినేవారు. తరవాత వేలితో తిప్పే డయలు వచ్చింది. ఆ తరవాత ఇదిగో, ఈ ఐదువందల రకం. అంకెల్ని డయలు రంధ్రాల్లోంచి తీసి బయట వలయంలో వేశారు, వేళ్ల రాపిడికి చెరిగిపోకుండా. అందులోనే గోడకి తగిలించేది ఒకటి. రంగులవి కొన్ని. బయటికి అచ్చం అలాగే ఉండి, అడుగున అంకె మాత్రం ఐదువందల ఒకటని ఉండేది మరొకటి. దాని లోపల చిటికెనవేలంత గాజుగొట్టం ఉంటుంది. ఒకే లైను మీద నాలుగిళ్లున్నా ఎవరి గంట వారికే మోగిస్తుంది.

ఆర్విడ్‌కి భయమంతా ఆ ఒక్క రకంతోనే. మామూలు ఫోనుకి ఎర్రతీగ, ఆకుపచ్చతీగ ఎటు కలిపినా గంట మోగుతుంది. ఐదువందల ఒకటికి అలా కుదరదు. రెండూ తారుమారైతే ఇంటి గంట మూగబోయి, పొరుగింటి పిలుపుకి పలుకుతుంది. ఆర్విడ్‌కి ఆ రెండు రంగులూ ఎండుటాకు రంగులోనే కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ సంగతి కంపెనీకి తెలియదు. తెలిస్తే తీగలు ముట్టుకోనివ్వరు, అది రూలు. అందుకని అతను ఏదో ఒకలా కలిపి, ఆఫీసులో బోర్డు దగ్గరుండే హేజెల్‌ని ఒకసారి మోగించమనేవాడు. మోగకపోతే తీగలు మార్చి మళ్లీ మోగించమనేవాడు. రెండేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నాడు.

తలుపు తీసుకుని హేజెల్ బ్రెక్కీ తల లోపలికి పెట్టింది. చెవులకి తగిలించుకున్న ఫోను మెడలోకి జారి ఉంది.

“ఏమయ్యా ఆర్విడ్, నిన్న థోరా నైగార్డ్ ఇంట్లో కొత్త ఫోను పెట్టొచ్చావు కదూ?”

“పెట్టాను. ఏం?”

“ఆసుపత్రి నుంచి డాక్టరు ఇప్పటికి మూడుసార్లు చేశాడు. ఎవరూ ఎత్తడంలేదు. ఆవిడ మొగుడు సివర్ట్ మధ్యాహ్నం దాకా ఉండడట. థోరాతో మాట్లాడాలని ఒకటే అడుగుతున్నాడట. మంచం దగ్గరికి ఫోను తెచ్చి పెట్టారు.”

“బయటికేమైనా వెళ్లిందేమో.”

“ఈ మంచులోనా? ఆవిడ ఫోను పక్కనే కుర్చీ వేసుక్కూచుంది. నువ్వే చెప్పావు నిన్న.”

ఆర్విడ్ చేతిలో కుంచె ఆగిపోయింది. నిన్న చీకటి పడే వేళకి ఆ నాలుగిళ్ల లైను మీద ఆఖరిగా థోరా ఇంటికి వెళ్లాడు. మోగించి చూద్దామని రిసీవరు ఎత్తబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడొద్దు నాయనా, ఆసుపత్రి వాళ్లు చేస్తే లైను ఖాళీగా ఉండాలి” అంది. సరేనని ఊరుకున్నాడు.

“చూసొస్తాను” అని కోటు తొడుక్కున్నాడు.

“రోడ్డు మీద మంచు ఇంకా తీయలేదు. పదకొండు మైళ్లు. ఎప్పటికి చేరతావు?”

అతను టోపీ అందుకుని బయటికి నడిచాడు. వెనకనున్న వ్యానులో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను మూడోసారికి అందుకుంది. అద్దం మీద మంచు గీకి చిన్న కిటికీ అంత జాగా చేసుకున్నాడు. రెండు గంటలు పడుతుంది. వెళ్లి, ఎవరికీ చెప్పకుండా రెండు తీగలు మార్చి వస్తే ఈ బతుకు ఎప్పటిలాగే సాగిపోతుంది. రెండు గంటలంటే దాదాపు పన్నెండవుతుంది.

ఇంకో దారి ఉంది. అది తలుపు దగ్గర హేజెల్ మాట్లాడుతుండగానే అతనికి తట్టింది. తీగలు తారుమారైతే థోరా గంట అదే లైను మీదున్న ఓప్సాల్ వాళ్ల నంబరుకి మోగుతుంది. ఓప్సాల్ వాళ్లు చలికాలమంతా ఫ్లోరిడాలో ఉన్నారు. ఆ నంబరుకి మోగిస్తే చాలు. కానీ ఎందుకు మోగించాలో చెప్పాలి.

స్టీరింగు మీద నుంచి చేతులు తీశాడు. తరవాత ఇంజను ఆపేశాడు.

బోర్డు గదిలో ఇన్‌ఛార్జి రస్సెల్ హామ్ కూడా ఉన్నాడు. ముప్పై ఐదేళ్లవాడు, ఎప్పుడూ నున్నగా గీసిన గడ్డం. హేజెల్ వెనక నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు.

“హేజెల్, ఓప్సాల్ వాళ్ల నంబరుకి మోగించు” అన్నాడు ఆర్విడ్.

“వాళ్లు ఊళ్లో లేరుగా.”

“థోరా ఎత్తుతుంది.”

రస్సెల్ అతని వైపు తిరిగాడు. “అదెలా తెలుసు మీకు?”

“ఎర్రతీగ, పచ్చతీగ తారుమారు చేసినట్టున్నాను సారు. నాకు రెండూ ఒకటే రంగు. మొదట్నుంచీ అంతే.”

హేజెల్ తలెత్తకుండానే తీగ పెట్టింది. “మంగలి వాళ్లావిడ పచ్చఫోను కావాలంటే ఎర్రది మోసుకెళ్లావే, అప్పుడే అనుకున్నాను” అని గొణిగి గంట మీట నొక్కింది.

ఒక్క గంటకే ఎత్తారు.

“థోరా గారూ? నేను హేజెల్‌ని. లైన్లోనే ఉండండి, సివర్ట్ గారిని కలుపుతున్నాను.”

కలిపింది. కలిపి, చెవులకున్న ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. ముగ్గురూ బోర్డు మీద వెలిగే రెండు చిన్న దీపాల కేసి చూస్తూ ఉండిపోయారు. పది నిమిషాలు. ఇరవై. నలభై ఒకటో నిమిషానికి ఆసుపత్రి వైపు దీపం ఆరిపోయింది. థోరా వైపుది వెలుగుతూనే ఉంది.

హేజెల్ ముక్కు తుడుచుకుంది.

రస్సెల్ అన్నాడు: “మీరు చెప్పకుండా ఉండాల్సింది ఆర్విడ్ గారూ. ఇప్పుడు నేను విన్నాను.”

“వినాలనే చెప్పాను సారు.”

“మధ్యాహ్నం మంచు తీస్తారట. ఆ ఫోను సరిచేసి రండి. వచ్చాక వ్యాను తాళాలు నా బల్ల మీద పెట్టండి.” కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా, “తొందరేం లేదు” అన్నాడు.

రెండింటికి ఆర్విడ్ బయల్దేరుతుంటే హేజెల్ కేకేసింది. “థోరా ఇంకా పెట్టెయ్యలేదు. లైనంతా ఆగిపోయింది. అదే లైను మీదున్న లుండ్ వాళ్లబ్బాయి దుకాణానికొచ్చి అక్కణ్నుంచి చేసి దెబ్బలాడుతున్నాడు, వాళ్లమ్మ పొద్దుట్నుంచి ఎవరితోనూ కబుర్లాడలేదట. రిసీవరు పెట్టించెయ్యి.”

థోరా తలుపు తీసింది. ఏడ్చినట్టు లేదు. నల్ల స్వెటరు మీద ఏప్రను కట్టుకుని ఉంది. పొయ్యి మీద కాఫీ మరుగుతోంది.

“మాట్లాడుతుండగానే పోయారు, నర్సు ఫోన్లో చెప్పింది” అంది. “ఏమన్నారో తెలుసా? కోళ్ల గిన్నెలో నీళ్లు గడ్డకట్టాయా అని అడిగారు. పగలగొట్టి వేణ్నీళ్లు పోశానని చెప్పాను. ఏ కోడి గుడ్లు పెట్టింది, ఏది మానేసింది, అన్నీ చెప్పించుకున్నారు. నలభై ఏళ్లలో అన్ని మాటలు ఆయన ఒక్కసారే అడగడం ఇదే.”

“తప్పు నాదేనండీ. పొద్దున్నే మోగాల్సింది.”

“మోగింది కదా.” ఆవిడ కప్పులో కాఫీ పోసింది. “నీ పని చూసుకో నాయనా. ఆ రిసీవరు మాత్రం ముట్టుకోకు. పెట్టేస్తే ఇక అయిపోయినట్టే.”

ఆర్విడ్ మోకాళ్ల మీద బల్ల కిందికి వంగాడు. రెండు తీగలూ విప్పి, ఒకదాని చోట ఇంకొకటి బిగించాడు. ఇటుది అటు చేయడానికి రంగులతో పనిలేదు. లేచి కాఫీ తాగాడు. లుండ్ వాళ్లావిడ సంగతి ఎత్తలేదు.

“రేపు పెడతాను” అంది థోరా, అతను అడగకుండానే.

“ఎప్పుడైనా పెట్టుకోండి.”

ఆవిడ కోళ్ల దగ్గరికి వెళ్లడానికి బూట్లు తొడుక్కుంది. ఇద్దరూ కలిసే బయటికొచ్చారు. ఆర్విడ్ తలుపు చేరవేయబోతూ ఒక్కసారి లోపలికి చూశాడు. బల్ల మీద, చేత్తో అల్లిన తెల్లగుడ్డ మీద, ఖాళీ కుర్చీ కేసి తిరిగి ఆ నల్ల రిసీవరు అలాగే పడుకుని ఉంది.