జాడీ మీద రాయి

నూతిపాలెంలో కోడళ్ళకి పేర్లుండేవి కావు. పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు పుట్టింట్లోనే వదిలిపెట్టి రావాలి. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరే మనిషి పేరు. సబ్బవరం నుంచి వచ్చినామె సబ్బవరమమ్మ, ఎలమంచిలి నుంచి వచ్చినామె ఎలమంచిలమ్మ. వరహాలు పెళ్ళాం చిలకమ్మ కొండకి అవతలి పక్కనున్న తాడిలోవ నుంచి వచ్చింది కాబట్టి తాడిలోవమ్మ. అత్త అలాగే పిలిచేది. ఆడపడుచులూ అంతే. ఎండుచేపలు తెచ్చే మనిషి కూడా గుమ్మంలో నిలబడి "ఓ తాడిలోవమ్మా" అనే కేకేసేది. వరహాలు మాత్రం ఏ పేరూ పెట్టి పిలిచేవాడు కాదు. "ఒలే" అంటే ఆమె పలికేది.

ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు రెండు ఊళ్ళూ పోయాయి. తాడిలోవ ముందు ఖాళీ అయింది. ఆ ఊరివాళ్ళు ఒకరు గోపాలపట్నం, ఒకరు అనకాపల్లి, ఎవరి దారిన వాళ్ళు చెదిరిపోయారు. నూతిపాలెంవాళ్ళకి మాత్రం గాజువాక దాటాక కాలనీలో ఒకే వరసలో స్థలాలు దొరికాయి. కాలనీలో వీధులకి పేర్లు లేవు, స్థలాలకి నంబర్లున్నాయి. రేషను కార్డు మీదా అదే నంబరు, తలుపు మీదా అదే నంబరు. ఏడాది తిరిగేసరికి మనుషులకీ అవే అంటుకున్నాయి. కుళాయి దగ్గర చిలకమ్మని "అరవైరెండో నంబరామె" అనడం మొదలుపెట్టారు.

వరహాలు తండ్రి తవిటయ్య ఆ కాలనీలో తొమ్మిది నెలలే బతికాడు. ఆఖరి రోజుల్లో కొడుకుని దగ్గరికి పిలిచి, "ఒరే, నీది ఏ ఊర్రా అని ఎవుడైనా అడిగితే ఇంకేటి సెప్తావురా?" అన్నాడు. వరహాలు తండ్రి కాళ్ళ మీద దుప్పటి సర్దాడు. నాలుగు మాటలు అడిగితే ఒక మాట పలికే మనిషి అతను. ఆ ప్రశ్న మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

అప్పటికే అతనికి హార్బర్లో ఖలాసీ పని దొరికింది. బైలదిల్లా నుంచి రైళ్ళలో వచ్చిన ఇనుపరాయి బెల్టు మీద పరుగెత్తుకుంటూ ఓడలోకి పోతుంటే, గంట గంటకీ ఒక పార ఎత్తి డబ్బాలో పోసి లేబరేటరీకి పంపించాలి. వరహాలు ఊరి బడిలో ఏడు వరకే చదివాడు. రాళ్ళ పేర్లు తెలియవు గానీ రాళ్ళు తెలుసు. పార బరువుని బట్టి ఈ పూట సరుకు మంచిదో కాదో చెప్పేసేవాడు. విశాఖపట్నం పాత టౌను నుంచి సైకిలు మీద వచ్చే గులాం మొహమ్మద్ అతని జోడీ. "డబ్బాలెందుకు భాయ్, నీ చెయ్యి కోసి లేబరేటరీకి పంపిస్తే సరిపోదా?" అని నవ్వేవాడు.

ఆ లేబరేటరీకి నెలకోసారి కాలేజీలో రాళ్ళ పాఠాలు చెప్పే గురునాథరావు వచ్చేవాడు. డెబ్బై ఎనిమిదిలో ఒక రోజు వరహాలు తువ్వాలు విప్పి ఒక రాయి ఆయన బల్ల మీద పెట్టాడు.

"ఇదేటో సూడండి బాబూ. ఇరవయ్యేళ్ళుగా ఎతుకుతన్నాను, ఇలాటిది మరోటి కనపళ్ళేదు."

పిడికిలంత రాయి. కాటుక నలుపు. ఎండకి పెట్టి చూస్తే పలచని అంచు తంగేడు పువ్వులా పచ్చగా వెలుగుతుంది. నూతిపాలెంలో వాళ్ళ పెరట్లో నుయ్యి తవ్వినప్పుడు నాలుగు నిలువుల లోతున తవిటయ్య గునపానికి తగిలి రెండు ముక్కలైంది. పైన తాడు పట్టుకున్నది పదిహేడేళ్ళ వరహాలొక్కడే. బుట్టలో మట్టితోపాటు పైకి వచ్చిన ఆ రెండు ముక్కల్నీ అతను పారెయ్యలేదు. ఒకటి గూట్లో దాచాడు, ఇప్పుడు బల్ల మీదున్నది అదే. రెండోది, గునపం పోటు తెల్లగా మచ్చ కట్టినది, ఊరగాయ జాడీ మూత మీద బరువయింది. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు బండి మీద జాడీతోపాటు అదీ వచ్చింది.

ఆరు నెలలకి గురునాథరావు కబురు పెట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"వరహాలూ, నీ రాయిలో ఉన్న ఖనిజం ఏ పుస్తకంలోనూ లేదు. దానికింకా పేరే పెట్టలేదు ఎవరూ."

"అయితే మీ పేరెట్టీసుకోండి బాబూ."

గురునాథరావు పకపకా నవ్వాడు. "నా పేరు నేను పెట్టుకుంటే ఊరుకోరయ్యా. దానికో పద్ధతుంది. ఎవరైనా పెద్దాయన పేరు పెట్టొచ్చు, ఆయన బతికుంటే ఒప్పుకోవాలి. రంగుని బట్టి పెట్టొచ్చు, లోపలున్న లోహాన్ని బట్టి పెట్టొచ్చు. నాకు నచ్చేది మాత్రం దొరికిన ఊరు. ఊరి పేరుకి చివర 'ఐట్' అని తగిలించి పంపిస్తే, పై దేశాల్లో ఒక కమిటీ ఉంది, వాళ్ళు ఓట్లేసి ఖాయం చేస్తారు."

వరహాలు తువ్వాలు మడుస్తున్నవాడు ఆగిపోయాడు.

"ఆ ఊరు ఇప్పుడు నేకపోతే?"

"ఏం? దొరికిన రోజున ఉంది కదా. ఒకసారి పేరు పడిందంటే ఏ దేశంవాడు రాసినా ఆ పేరే రాయాలి."

"నూతిపాలెం బాబూ. మా నూతిలోదే ఆ రాయి," అన్నాడు వరహాలు. తన నోటి నుంచి ఆ పేరు వచ్చి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. గురునాథరావు రాసుకున్నాడు. మిగతా ముక్క చూడడానికి ఒకసారి ఇంటికి వస్తానన్నాడు.

ఆ సాయంత్రం అన్నం తింటూ వరహాలు పెళ్ళాంతో మామూలుకన్నా ఎక్కువే మాట్లాడాడు. రాయి ఏ ఊళ్ళో దొరికితే ఆ ఊరి పేరే దానికి పెడతారట అన్నాడు.

చిలకమ్మ చారు వడ్డిస్తూ గరిటె ఆపింది. "కోడల్ని పిలిసినట్టేనా?"

"ఆఁ, అలాగే."

ఆమె నవ్వింది. కాలనీకి వచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. తన సంతోషం చూసి నవ్విందనుకున్నాడు వరహాలు.

పది రోజుల తర్వాత అతను డ్యూటీలో ఉండగా గురునాథరావు కాలనీకి వచ్చి వెళ్ళాడు. "ఆ బాబొచ్చినాడు. రాయి సూసినాడు. టీ తాగి ఎల్లిపోనాడు," అంది చిలకమ్మ. అంతకన్నా అడగాలని అతనికి తోచలేదు.

తర్వాత రెండేళ్ళు పట్టింది. ఈలోగా ఈ సంగతి కాలనీలో పాకిపోయింది. వరహాలు చిన్నాన్న పైడయ్య టీ కొట్టు దగ్గర కూర్చుని, "మా ఊరిని మట్టిలో కప్పీసినార్రా. ఇప్పుడది దొరల పుస్తకాల్లోంచి మొలుత్తాది," అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేవాడు. అవతల హార్బర్లో గులాం మొహమ్మద్ వారానికోసారి, "నీ రాయికి బారసాల ఎప్పుడు భాయ్? మిఠాయి నాది," అనేవాడు. వరహాలు బదులు పలికేవాడు కాదు గానీ, పార మాత్రం తేలిగ్గా లేచేది.

ఎనభై ఒకటిలో ఒక ఆదివారం పొద్దున్న గురునాథరావు స్కూటరు వచ్చి అరవైరెండో నంబరు ముందు ఆగింది. ఆయన చేతిలో అచ్చు పుస్తకం ఉంది. అరగంటలో నూతిపాలెం వరసంతా వాకిట్లో చేరింది. పైడయ్య ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, బెంచీ మీద ముందుకి జరిగి కూర్చున్నాడు. గురునాథరావు కళ్ళజోడు సర్దుకుని పుట తిప్పాడు.

"ఇదిగో, పేరు ఖాయమైంది. తాడిలోవైట్."

పైడయ్యే ముందు తేరుకున్నాడు.

"మరొక్కపాలి సదవండి బాబూ."

"తాడిలోవైట్. విశాఖపట్నం జిల్లా, తాడిలోవ గ్రామం. ఇక్కడ అచ్చయింది, చూడండి."

వరహాలు గుమ్మం వైపు చూశాడు. చిలకమ్మ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె తల దించుకోలేదు. కళ్ళు గురునాథరావు చేతిలోని పుట మీదే ఉన్నాయి. పళ్ళెంలో ఒక్క గ్లాసూ కదల్లేదు. అప్పుడతనికి అర్థమైంది.

వాకిలి అలా చల్లబడిపోవడం చూసి గురునాథరావు కంగారు పడ్డాడు. "ఏం వరహాలూ? మొదట నువ్వు నూతిపాలెం అన్నమాట నిజమే. తర్వాత నేను ఇక్కడికొస్తే మీ ఆవిడ చెప్పింది, పెళ్ళయి వచ్చేటప్పుడు జాడీతోపాటు తాడిలోవ నుంచి తనే తెచ్చుకున్న రాయని. అత్తవారి ఊరి రాయంటే నలుగురిలో నామోషీ అని నువ్వు చెప్పవనీ, నిన్ను అడగొద్దనీ అంది. పాత మ్యాపు చూస్తే ఆ కొండ వరసలో ఇలాంటి రాయి పుట్టడానికి వీలుంది. అలాగే రాశాను. తేడా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. నేను వెంటనే కమిటీకి రాయాలి. పేరు కొట్టేస్తారు."

"కొట్టీసి నూతిపాలెం పేరెడతారా బాబూ?" పైడయ్య అడిగాడు.

"పెట్టరు పెద్దాయనా. దొరికిన చోటు చూపించమంటారు. తాడిలోవ కొండ సగమైనా మిగిలింది, మీ నుయ్యి మీద ఇరవై అడుగుల మట్టి పడింది. ఏం చూపిస్తాం? పేరు లేని రాయిగానే ఉండిపోతుంది."

అందరూ వరహాలు వైపు తిరిగారు. తండ్రి గునపం దిగిన చప్పుడు అతని చెవిలో ఇంకా ఉంది. తాడు అరచేతుల్ని ఒరిసిన మంట గుర్తుంది. ఒక్క మాట చాలు. ఆ మాటతో పెళ్ళాం ఊరందరి ముందు అబద్ధాలకోరు అవుతుంది, రాయి మళ్ళీ పేరు లేని రాయవుతుంది, నూతిపాలేనికి మాత్రం ఏమీ రాదు.

"తేడా ఏటీ నేదు బాబూ," అన్నాడు. "నానే తప్పు సెప్పినాను. ఆ రాయి దానిదే."

పైడయ్య బెంచీ మీద నుంచి లేచాడు.

"ఒరే వరహాలూ! సచ్చిపోనోడు సాచ్చికానికి రాడనే కదరా, మీ అయ్య నూతిలో తీసినాడని ఇన్నాళ్ళూ కతలు సెప్పినావు? ఊరి పేరట్టుకెల్లి పెళ్ళాం కొంగుకి ముడేసీసినావు. థూ!"

ఒక్కరూ టీ ముట్టుకోలేదు. గురునాథరావు రెండు గుక్కలు తాగి, పుస్తకం బెంచీ మీద పెట్టి, స్కూటరు తీశాడు. వాకిలి ఖాళీ అయింది.

వరహాలు లోపలికొచ్చి గోడకి జారబడ్డాడు. చిలకమ్మ గ్లాసుల్లో టీ ఒక్కొక్కటే తిరిగి గిన్నెలో వంపుతోంది.

"ఎందుకలా సెప్పినావు?"

ఆమె వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది. "పెళ్ళయిన కాడి నుంచీ మీవోల్లు నన్ను ఆ పేరుతోటే పిలిసినారు మావా. మాయమ్మ ఎట్టిన పేరు మీ ఇంట్లో ఒక్కలి నోటా రానేదు. సర్లే, మా ఊరి పేరే గదా అనుకున్నాను. ఇక్కడికొచ్చినాక అదీ పోనాది. అరవైరెండో నంబరామెనట. మీవోల్లందరూ ఒక్క సోటున్నారు, పొద్దున్నే లేత్తే మొకాలు కనపడతాయి. మావోల్లు ఎవులెక్కడున్నారో నాకు తెల్దు."

"నన్నడగొచ్చు గదా."

"అడిగితే ఇచ్చీవోడివేటి?"

ఇచ్చేవాడు కాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిసే, అతను సంతోషంగా చెప్పిన మాటనే పట్టుకెళ్ళి అతని వెనకాల వాడుకుంది. రెండేళ్ళు అతను ఆశపడుతుంటే పక్కన కూర్చుని అన్నం వడ్డించింది. అబద్ధం కన్నా ఆ రెండేళ్ళ అన్నమే అతనికి మింగుడు పడలేదు.

"మరి నాను అబద్దమాడినానని ఆ బాబుకి సెప్పీయకపోనావా?" అంది చిలకమ్మ. ఈసారి అతని వైపు తిరిగింది.

అతను తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు జాడీ మీది రాయి తీసి తువ్వాల్లో చుట్టుకున్నాడు. ఆ రోజు జపాను ఓడకి లోడింగు. బెల్టు మీద ఎర్రటి సరుకు ఆగకుండా పోతోంది. గంట కొట్టగానే వరహాలు పార ఎత్తి డబ్బాలో పోశాడు. తర్వాత తువ్వాలు విప్పాడు. తండ్రి గునపం దిగిన మచ్చని బొటనవేలితో ఒకసారి తడిమి, రాయిని బెల్టు మీద పెట్టాడు. ఎర్ర దుమ్ములో ఆ నల్ల రాయి కొంత దూరం కనిపించింది.

గులాం మొహమ్మద్ అటునుంచి కేకేశాడు. "బెల్టు మీద ఏం వేశావ్ భాయ్?"

"రాయి."

"అరె, అక్కడ పోయేదంతా రాయే కదా!" నవ్వబోయి, వరహాలు మొహం చూసి ఆగిపోయాడు. మెల్లగా, "బారసాల కాలేదా?" అన్నాడు.

"అయిపోనాది. మిటాయి తేకు."

ఆ తర్వాత మూడు రోజులు వరహాలు ఇంట్లో నోరు విప్పలేదు. టీ కొట్టు దగ్గర అతన్ని చూసి పైడయ్య మొహం తిప్పుకున్నాడు. నాలుగోనాడు డ్యూటీ దిగి వస్తుంటే కుళాయి దగ్గర ఆడవాళ్ళ గోల వినిపించింది. ఎవరో ఎకసెక్కంగా అన్నారు, "ఓ తాడిలోవమ్మా! పుస్తకాలకెక్కినావని బిందె అడ్డం తియ్యవేటి?"

చిలకమ్మ చటుక్కున తిరిగింది. అది ఎకసెక్కమని తెలియనట్టే, "తీత్తన్నానే అమ్మా," అంది. ఆ పిలుపుకి ఆమె మొహంలో వచ్చిన వెలుగు వరహాలు చూశాడు. చూడకుండా ఉంటే బాగుండుననుకున్నాడు.

ఇంట్లోకొచ్చి బిందె దించి, ఆమె ఊరగాయ జాడీ వైపు చూసింది. మూత కింద గుడ్డ వదులైపోయి ఉంది.

"మావా, జాడీ మీద రాయేదీ?"

మూడు రోజుల తర్వాత అతను మొదటిసారి నోరు తెరిచాడు.

"మీ ఊరెల్లిపోనాది."

చిలకమ్మ వదులైన గుడ్డని బిగించి కట్టింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, ఒక ఇటుక ముక్క ఏరి, కొబ్బరి పీచుతో తోమి కడిగి, తుడిచి, తెచ్చి మూత మీద పెట్టింది.